గోడకు పెట్టిన సాక్షి

మా నాన్నకు అన్న, మా పెద్దబాపు పోయారని జనగామ దవాఖాన నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను రాతికొట్టంలో బర్రెలకు గడ్డి వేస్తున్నాను. నిజం చెప్పాలంటే మొదట ఏడుపు రాలేదు, భయమేసింది. ఉత్తరపు గోడ వైపు చూశాను. ఇక దీన్ని ఎవరు చూస్తారు?

చిల్పూర్ దగ్గరి మా పొలంలో ఉన్న ఆ కొట్టాన్ని ఆయన తాత కట్టాడు. రెండు మూరల మందం గోడలు, పైన గూనపెంకులు. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి పేర్చారంతే. అక్కడక్కడ గోడ మందమంతా అడ్డంగా వెళ్లే పొడుగు రాళ్లుంటాయి. పెద్దబాపు వాటిని అరచేత్తో తట్టి చూపించేవారు.

"గివ్వే లోపలి వరసను, బయటి వరసను పట్టుకొని ఉన్నయి బిడ్డా. గివి జారితే రెండూ చెరో దిక్కు పోతయి."

పొద్దున్నే చాయ్ గ్లాసుతో గోడలన్నీ చూసి వస్తే గానీ గుక్క తాగేవారు కాదు. ఈలోగా చాయ్ చల్లారేది, మళ్లీ వేడి చేయమనేవారు. నేను విసుక్కునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఈ ఎండాకాలం ఆయన నెల రోజులు దవాఖానలో ఉన్నారు. రాళ్ల సందుల్లో పాములు దూరుతున్నాయని, ఆయన వచ్చేసరికి కొట్టం కొత్తగా కనబడాలని, బయటి వైపు సందులన్నీ సిమెంటుతో పూడ్పించాను. వచ్చి చూసి ఆ సిమెంటు మీద అరచెయ్యి ఆనించారు.

"గోడకు ఊపిరాడకుంట జేసినవ్ గద బిడ్డా! లోపలికి దిగిన నీళ్లు ఇగ యాడికెల్లి రావాలె?"

"రాళ్లకు ఊపిరేంది పెద్దబాపూ?" అని నవ్వాను. ఆయన నవ్వలేదు.

తొలి వానలకే ఉత్తరపు గోడ నడుమ ఉబ్బింది. వానల్లో ముట్టుకుంటే కూలుతుందని, ఎండలు వచ్చాక సిమెంటు తనే చెక్కుతానన్నారు. అప్పటిదాకా లోపలి వైపు ఒక సందుకు అడ్డంగా వరిగడ్డి కలిపిన మట్టి ముద్ద అతికించి, బొటనవేలితో నొక్కారు.

"గిది సాక్షి. గిది పగిలిందంటే గోడ కదిలినట్టు. ఎవ్వల్నీ అడగకు, బర్రెల తలుగులిప్పి బయటికి కొట్టు."

నేను అంత పని చేసినా నన్ను ఒక్క మాట తిట్టలేదు. ఎండలు రాకముందే మళ్లీ దవాఖానలో చేరి, అక్కడే పోయారు.

దినాలు అయిన మర్నాడు ముసురు పట్టింది. పాలు పిండటానికి వెళ్లి సాక్షిని చూశాను. ఆయన వేలిముద్ర నడుమ వెంట్రుకంత గీత. ఆయన వెనకే ఉన్నట్టు "పెద్దబాపూ" అని పిలిచాను. తర్వాత తలుగులు విప్పడం మొదలుపెట్టాను.

"గోడ మంచిగనే ఉన్నది గద, వానల బర్రెలనెందుకు తడుపుతున్నవ్?" అన్నాడు మా ఆయన.

"సాక్షి పగిలింది."

ఇంకేమీ అడగకుండా వచ్చి రెండో బర్రె తలుగు విప్పాడు.

ఇది రాస్తుంటే వాన పడుతూనే ఉంది. గోడ ఇంకా నిలబడే ఉంది. లోపలికి పోవాలంటే భయం, తలుపు దగ్గరే ఆగి టార్చి వేసి చూస్తున్నాను. ఆయన వేలిముద్రలో సగం రాలిపోయింది. మిగిలిన సగం రాయిని పట్టుకొని ఉంది.