మా పోస్ట్‌మన్ కొట్టిన ఒకే ఒక్క గోలు

ఇంగ్లండులో నేను ఫుట్‌బాల్ ఆడాను. ఆ దేశపు లీగుల నిచ్చెనలో అట్టడుగుకి ఒక్క మెట్టు పైన నిలబడిన ఒక చిన్న ఊరి క్లబ్బుకి రెండు సీజన్లు ఆడాను. నేను దేశం విడిచి వచ్చేటప్పుడు ఊరంతా స్టేషనుకి కదిలివచ్చింది.

ఊరంతా అంటే మరీ ఊరంతా కాదు. ముగ్గురు. అందులో ఒకాయన వేరే రైలెక్కడానికి వచ్చాడు. ఇక ఆడటం అన్నది కొంచెం ఆగి చెబుతాను.

నలభై ఏళ్ళ పైమాట. అప్పుడే పెళ్ళయి, ఆ ఊళ్ళో గేర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరాను. తరవాత మిషిగన్ వచ్చి కార్ల కంపెనీలో పాతికేళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు నోవైలో ఉంటున్నాం. శనివారం పొద్దున పదింటికి, అంటే ఇంగ్లండులో మధ్యాహ్నం మూడింటికి, ఆ క్లబ్బు తన మ్యాచ్‌ని ఇంటర్నెట్లో చూపిస్తుంది. స్తంభానికి కట్టిన ఒకే కెమెరా. గాలి గట్టిగా వీస్తే గోలుకి బదులు పక్క పొలంలో గొర్రెలు కనిపిస్తాయి. మా బేస్‌మెంట్లో పెద్ద టీవీ ముందు ఏడెనిమిది మంది సాఫ్ట్‌వేర్ కుర్రవాళ్ళు చేరి, మా ఆవిడ చేసిన ఉప్మా తింటూ, తామెన్నడూ చూడని ఊరికోసం గొంతు చించుకుంటారు. వాళ్ళకి ఈ పిచ్చి ఎక్కించింది నేనే.

ఏం చెప్పి ఎక్కించానంటే, ఆ క్లబ్బు రెండువందల ఏళ్ళ నాటిదని చెప్పాను. నిజానికి నూరు దాటి ఎంతో కాలేదు. ఇటుక బట్టీల పనివాళ్ళు ఒక పబ్బు వెనక మొదలుపెట్టారు. ఊరి బ్యాండువాళ్ళ పాత కోట్లు కత్తిరించి తొలి చొక్కాలు కుట్టుకున్నారు. పాడైన రైలు పెట్టె ఒకటి తెచ్చి బట్టలు మార్చుకునే గదిగా వాడారు. గ్రౌండు ఒకవైపు ఎంత పల్లమంటే, పై నుంచి ఆడే జట్టు బంతిని వదిలేస్తే చాలు, తానే పోయి కాలవలో పడేది. దాన్ని తీయడానికి పొడుగు గెడకి వల కట్టుకుని ఒక ముసలాయన కాచుకుని ఉండేవాడు. ఇవన్నీ నిజాలే. వీటి మధ్యలో ఇంకో అబద్ధం పెట్టాను. క్లబ్బు కింది డివిజన్‌కి పడిపోకుండా కాపాడిన ఆ ఒక్క గోలుకి పాస్ ఇచ్చింది నేనేనని.

ఆ సాఫ్ట్‌వేర్ కుర్రవాళ్ళలో మా పక్కింటివాడిది హనుమకొండ. మంచివాడు. మంచివాళ్ళతోనే ప్రమాదం. ఒకరోజు మంచు తవ్వుతూ అన్నాడు.

"అంకుల్, క్లబ్బోళ్ళు హిస్టరీ బుక్ తెస్తున్నరట. నేను మెయిల్ కొట్టిన. మా అంకుల్ మీకు ఆడిండు, పేరు మర్చిపోవద్దని."

"నిన్నెవరు కొట్టమన్నారయ్యా?"

"ఎవరన్న చెప్పాల్నా అంకుల్? మీరు మొహమాటస్తులు."

జవాబు మర్నాడే వచ్చింది. పుస్తకం రాస్తున్నావిడ ఆ ఊళ్ళో మా పొరుగింట్లో ఉండే పోస్ట్‌మన్ కూతురు. నేనున్నప్పుడు ఉయ్యాలలో ఉండేది. ఆటగాళ్ళ జాబితాలో నా పేరు లేదని మర్యాదగా రాసింది. అయితే ఆ రోజుల్లో తమ పక్కింట్లో ఒక ఇండియా ఇంజనీరు ఉండేవాడని, అంచున జెండా పట్టుకునేవాడని నాన్న చెప్పారు, ఆయనేనా అని అడిగింది.

"ప్లేయర్లే జెండా గూడ పట్టేటోళ్ళా అంకుల్?"

"చిన్న క్లబ్బు కదయ్యా. అన్ని పనులూ మనమే చేసుకోవాలి," అన్నాను. నాకు సిగ్గు కొంచెం ఆలస్యంగా వస్తుంది.

ఉత్తరంలో మిగతా భాగం చదివాక వచ్చింది. "క్లబ్బుని కాపాడిన ఆ గోలు కొట్టింది మా నాన్న. అన్నేళ్ళు ఆడి ఆయన కొట్టినది అదొక్కటే. కానీ అడిగితే లేచి తోటలోకి వెళ్ళిపోతారు. పుస్తకంలో తన పేరు పక్కన అది రాయొద్దంటున్నారు. ఎందుకో చెప్పరు. ఈమధ్య ఆరోగ్యం కూడా బాగుండటం లేదు. ఆయన ఉండగానే ఈ పేజీ సరిగ్గా రాయాలని నా ఆశ. ఆ ఇంజనీరు మీరే అయితే, ఆ రోజు ఆ అంచున ఉన్నది మీరొక్కరే. ఏం జరిగింది?"

ఏం జరిగిందో నాకు తెలుసు.

ఆ లీగువాళ్ళు రిఫరీని మాత్రమే పంపేవారు. రెండు అంచులా జెండా పట్టడానికి చెరో క్లబ్బూ ఒక మనిషిని ఇవ్వాలి. ఎవరి మనిషి వాళ్ళవైపు మొగ్గుతాడని అందరికీ తెలుసు. అటొక దొంగ, ఇటొక దొంగ ఉంటే తూకం సరిపోతుందని ఊరుకునేవారు. బంతి అందించే క్షణానికి మనవాడు అవతలి కాపలావాళ్ళని దాటి ముందుకు పోయి ఉంటే అది ఆఫ్‌సైడ్. అప్పుడు నేను జెండా ఎత్తాలి, ఆ గోలు చెల్లదు. నా ఉద్యోగమంతా ఇదే. పోస్ట్‌మన్ బలవంతం మీద ఒప్పుకున్నాను.

ఆరోజు సీజన్లో చివరి మ్యాచ్. డ్రా అయినా మునిగినట్టే. ఇంకా గోల్ పడలేదు, నాలుగైదు నిమిషాలే ఉన్నాయి. ఎముకలు కొరికే చలి. మా అత్తగారు అల్లి పంపిన మంకీ క్యాప్ పెట్టుకున్నాను. ఆవిడకి అల్లుడి తల మీద గౌరవం ఎక్కువ, అందుకని రెండు తలలు పట్టేలా అల్లింది. ఎప్పుడూ వెనక ఉండి కాపలా కాసే పోస్ట్‌మన్ ఇక తప్పదని ముందుకు పరిగెత్తాడు. ఎవరో అతనికి బంతి తన్నారు. నేనూ గీత వెంట పరిగెత్తాను. టోపీ జారి కళ్ళు మూసేసింది. పైకి లాగడానికి చెయ్యెత్తాను. ఆ చేతిలోనే జెండా ఉంది.

కళ్ళు తెరుచుకునేసరికి అవతలివాళ్ళు ఆట ఆపి నావైపు వేలు చూపిస్తున్నారు. పోస్ట్‌మన్ కూడా నన్నే చూస్తున్నాడు. హడలిపోయి జెండా దించేశాను. అతను ఒక్క అడుగు వేసి తన్నాడు. రిఫరీ తిరిగి చూసేసరికి నేను బుద్ధిమంతుడిలా జెండా కిందకి పట్టుకుని నిలబడి ఉన్నాను. గోల్.

తప్పించుకున్నాననుకున్నాను. ఆ సాయంత్రం పోస్ట్‌మన్ పబ్బుకి రాలేదు. అలిసిపోయాడనుకున్నాను. నెల తిరక్కుండా అమెరికా వచ్చేశాను.

మీ నాన్న ఎదుటే చెబుతానని ఆ అమ్మాయికి జవాబు రాశాను. వీడియో కాల్ శనివారం మ్యాచ్ అయ్యాక పెట్టారు. వంటింట్లో ఫోన్లో మాట్లాడుకుంటానంటే మా కుర్రవాడు ఒప్పుకోలేదు.

"గట్లెట్ల అంకుల్, పెద్ద టీవీల పెడతా. అందరం చూస్తం."

మా ఆవిడ ఉప్మా గిన్నె దించుతూ, "ఏం, కాళ్ళు వణుకుతున్నాయా? ఆటగాళ్ళకి కాళ్ళు గట్టిగా ఉండాలే," అంది. ఆవిడకి అంతా తెలుసు.

టీవీలో కూతురు, పక్క కుర్చీలో తండ్రి. ఎనభై దాటాయి, సన్నబడ్డాడు. నన్ను చూసి తల ఊపాడు. ఆ అమ్మాయి నోట్‌బుక్ తెరిచింది. గోలు మాట ఎత్తగానే ఆయన కుర్చీ చేతుల మీద ఆనుకుని లేవబోయాడు.

"కూర్చోండి," అన్నాను. "ఒక విషయం చెప్పాలి. నేనారోజు జెండా ఎత్తాను."

"తెలుసు," అన్నాడాయన.

"ఆఫ్‌సైడ్‌కి కాదు. టోపీ కళ్ళ మీద పడింది, పైకి లాక్కున్నాను."

ఆయన కెమెరాకి దగ్గరగా వంగాడు.

"టోపీనా?" అన్నాడు.

"టోపీయే."

"నా మొహం చూసి జాలిపడి దించలేదా?"

"నాకు మీ మొహం కనబడితే కదా. ఊలు తప్ప ఏమీ కనబడలేదు."

ఆయన మెల్లగా వెనక్కి వాలాడు. "నేను ఆఫ్‌సైడ్‌లో ఉన్నాననీ, పక్కింటివాణ్ణి కదా అని నువ్వు నా కోసం అబద్ధమాడావనీ అనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే. అవతలివాళ్ళు ఇద్దరు నాకంటే గోలుకి దగ్గరగా ఉన్నట్టు నాకు గుర్తు. కానీ నీ జెండా చూశాక నా కళ్ళని నేనే నమ్మలేదు."

"అంటే నాన్న ఆఫ్‌సైడ్‌లో లేరన్నమాటేనా?" అని కూతురు నన్నడిగింది.

లేరు అనబోయాను. నాలిక చివరిదాకా వచ్చింది. "నేను చూడలేదమ్మా. చూసింది ఆయనొక్కరే. ఆయన మాటే రాసుకో."

వెనక నుంచి మా కుర్రవాడు, "అంటే అంకుల్, మీరు పాస్ ఇయ్యలేదా?" అన్నాడు.

"లేదు."

"ఒక్క మ్యాచ్ గూడ ఆడలేదా?"

"ఒకసారి మ్యాచ్ మొదలవ్వక ముందు..." అంటూ మా ఆవిడ వైపు చూశాను. "లేదు."

వాడు "సరే తీ అంకుల్," అని తన ప్లేటులో ఉప్మా వడ్డించుకున్నాడు.

అటు ఆయన మళ్ళీ లేచాడు. తోటలోకి కాదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడి, "ఇక్కడ ఒకడు, ఇక్కడ ఇంకొకడు," అని కూతురికి చోటు చూపించాడు. బంతి ఎటు నుంచి వచ్చిందో చూపించాడు. తరవాత కాలు విసిరాడు. చెప్పు ఎగిరి కెమెరా కంటికి అందకుండా ఎక్కడో పడింది. ఏదో పగిలిన చప్పుడైంది. మా బేస్‌మెంటంతా చప్పట్లు కొట్టింది.

"రాయనా నాన్నా?"

"రాయి. ఎడమ కాలితో అని రాయి."

ఆ అమ్మాయి నావైపు చూసింది.

"ఎడమ కాలేనమ్మా," అన్నాను. "అది మాత్రం నేను కళ్ళారా చూశాను."

ఆమె రాసుకుంది.