ముందు కరెంటు ఇయ్యొద్దప్పా

మా మేడం పోయారన్న కబురు పొద్దున్నే ఆఫీసు గ్రూపులో వచ్చింది. గుండెపోటు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయిందట. మా టీమ్‌లో ఒకడు అలవాటు కొద్దీ ఆ మెసేజ్‌కి బొటనవేలు గుర్తు పెట్టేసి, నాలిక కరుచుకుని వెంటనే తీసేశాడు. వాణ్ని తిట్టబుద్ధి కాలేదు. మేడం చూసి ఉంటే పగలబడి నవ్వేవారు.

ఆమె బ్రూక్‌ఫీల్డ్‌లోని మా చిన్న కంపెనీలో టీమ్ లీడ్. నేను గుంటూరు వైపు నుంచి వచ్చి, మడివాళ పీజీలో దిగి, ఆమె కింద పనికి చేరాను. కరెంటు పోయినా మరిచిపోని మెమరీ చిప్‌లు ఉంటాయి కదా, మీ ఫోన్లో ఫొటోలు దాచేలాంటివి. వాటిలో సమాచారం ఎక్కడ పెట్టాలో, పెట్టింది మళ్లీ ఎలా వెతకాలో చూసుకునే ప్రోగ్రాములు రాయడం మా పని. మేడం వాళ్లది కాటన్‌పేటలో తాతల నాటి బట్టల వ్యాపారం. ఆఫీసు కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. ఆడా మగా తేడా లేకుండా మేమందరం ఆమెకు "అప్పా"లమే. మొదట్లో నాకు ఒళ్లు మండేది. "మేడం, నేను అమ్మాయిని" అన్నానొకసారి.

"అయితే ఏమప్పా?" అన్నారు.

చిప్ గురించి మొదటి పాఠం చిత్రాన్నం తింటూ చెప్పారు. చిప్ నిండా పేజీలుంటాయి. కొన్ని పేజీలు కలిస్తే ఒక బ్లాకు. రాయడం పేజీ చొప్పున రాయొచ్చు గానీ, చెరపాలంటే బ్లాకు మొత్తం చెరపాల్సిందే. అందుకని పాతదాన్ని మార్చాలంటే దాని మీదే దిద్దరు. కొత్తది వేరే ఖాళీ పేజీలో రాసి, ఇకమీదట అక్కడ చూడమని చిరునామాల పట్టికలో మారుస్తారు. ఎప్పుడో ఆ బ్లాకు ఊడ్చేదాకా పాతది అక్కడే పడి ఉంటుంది.

"మరి పట్టికే పోతే?" అని అడిగాను.

"మా గోడౌన్‌లో ప్రతి మూటకీ చీటీ కుడతా ఉండిరి. పట్టిక పోయినా మూట తనెవురిదో తానే చెప్పల్ల. పేజీ గూడా అంతే. ప్రతి పేజీ చివర కొంచెం జాగా ఉండాది చూడు, ఆడ దాని చిరునామా పెట్టల్ల. ఎన్నోసారి రాసిందో ఆ నంబరూ పెట్టల్ల."

ఆ కాస్త జాగాను వేరే పనికి వాడుకుందామని ఎంతమంది అడిగినా ఆమె ససేమిరా అన్నారు. నేనైతే చాదస్తం అనుకునేదాన్ని.

కాదని ఒక పెద్దాయన వల్ల తెలిసింది. ఆయనదీ కాటన్‌పేటే. క్యాన్సర్ వచ్చి స్వరపేటిక తీసేయాల్సి వస్తే, ఆపరేషన్‌కు ముందు రోజూ అవసరమయ్యే మాటలు తన గొంతుతోనే ఒక చిన్న పెట్టెలో రికార్డు చేసుకున్నారు. బటన్ నొక్కితే పెట్టె పలుకుతుంది. దాంట్లోని చిప్‌కి ప్రోగ్రాం మాది. ఏదో సెట్టింగు సేవ్ అవుతుండగా ఆయన కోడలు మార్చుదామని బ్యాటరీ తీసేసింది. పట్టిక సగంలో తెగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే, ఏమీ లేదు, అంతా ఖాళీ. ఆవిడ హడలిపోయి వెంటనే ఆపేసింది. అదే మంచిదయింది.

ఇద్దరూ ఆఫీసుకు వచ్చారు. మా మేనేజర్ మంచివాడే గానీ కంగారెక్కువ. కంప్యూటర్ గొంతుతో కొత్త పెట్టె ఇచ్చేద్దామన్నాడు. ఆ గొంతు వినిపించాడు కూడా. పెద్దాయన విని తల అడ్డంగా ఊపారు.

"మా మామ గొంతు దీంట్లో తప్ప ఇంగ యాడా లేదు మేడం" అంది కోడలు. ఆయన గోడవైపు చూస్తూ కూర్చున్నారు.

"ఒకసారి రీస్టార్ట్ చేసి చూద్దామా?" అంటూ నేను పెట్టె మీద చెయ్యి వేయబోయాను. మేడం ఆ చేతి మీద ఒక్కటి వేశారు. నిజంగానే కొట్టారు!

"ముందు కరెంటు ఇయ్యొద్దప్పా! పట్టిక లేదు కదా, మన ప్రోగ్రామే అంతా చెత్త అనుకొని ఊడ్చేస్తాది. ఊడ్చినాక దేవుడు గూడా తేలేడు."

చిప్‌ని ఊడదీసి, రీడర్‌లో పెట్టి, పేజీ తర్వాత పేజీ చదివాం. ప్రతి పేజీ చివరా చిరునామా ఉంది, నేను ఫలానా బటన్ మాటలో ఫలానా ముక్కనని. ఒకే చిరునామాతో రెండు దొరికితే పెద్ద నంబరు ఉన్నది కొత్తది. ముక్కలు వరసలో పేర్చుకుంటూ పోయాం. కొన్నిచోట్ల కొత్తది చెడిపోయి ఉంది. అక్కడ మేడం పాతదాన్ని తీసుకున్నారు. అంటే, సరిగా రాలేదని పెద్దాయన పక్కన పెట్టేసి మళ్లీ చెప్పిన మాటలన్నమాట. ఒకదాంట్లో దగ్గు. ఒకదాంట్లో కుక్కర్ విజిల్. ఇంకోదాంట్లో మాట మధ్యలో ఆపి, "ఎవురప్పా ఆడ, ఫ్యాను ఆపండి!" అని కసురు.

అది స్పీకర్లో వినగానే కోడలు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన నవ్వారు. శబ్దం రాలేదు, భుజాలు మాత్రం ఎగిరాయి. "దగ్గు తీసేయమంటారా?" అని నేను అడిగితే వద్దని చెయ్యి ఊపారు.

"బాగుండాది, ఉండనీ" అంటూ మేడం తన అన్నం డబ్బా మూత తీశారు. సంతోషం వేస్తే ఆమెకు ఆకలి వేసేది.

తర్వాత మీటింగులో మేనేజర్ తప్పు ఆ కోడలి మీదికి నెట్టబోతే, "బ్యాటరీ ఎవురైనా తీస్తారప్పా. దానికే కదా మూత పెట్టింది? తప్పు మనదే" అన్నారు మేడం. నాకు పని నేర్పింది ఆమె. ఇవాళ నేను తింటున్న అన్నం ఆమె చలవే. ఆమంటే నాకు ప్రాణం. ఆ మాట ఎప్పుడూ ఆమెతో అనలేదు. అంటే "పని చూడప్పా" అనేవారు.

అంత్యక్రియల మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. మేడం భర్త గోడకు ఆనుకుని కూర్చున్నారు. పచ్చి మంచినీళ్లైనా ముట్టలేదట. చుట్టాలు బతిమాలి బతిమాలి అలిసిపోయారు. నేనూ "సార్, కొంచెం..." అంటూ నీళ్ల గ్లాసు ముందుకు జరిపి చూశాను. అప్పుడే కాటన్‌పేట పెద్దాయన మెడలో పెట్టెతో వచ్చారు. మేడం ఫొటోకి దణ్ణం పెట్టి సార్ పక్కన కూర్చున్నారు. పెట్టెలో పరామర్శ మాటలేవీ లేవు. అలాంటివి ముందే ఎవరు రికార్డు చేసుకుంటారు? బటన్లు తడుముకుంటూ పోయి ఒకటి నొక్కారు.

"అన్నం తినినావాప్పా?"

సార్ తలెత్తి ఆయన ముఖంలోకి చూశారు.

"ఇంగా లేదన్నా" అన్నారు.

లోపలి నుంచి ఎవరో గబగబా కంచం తెచ్చారు. సార్ రెండు ముద్దలు తిని చెయ్యి ఆపేశారు. పెద్దాయన ఇంకో బటన్ నొక్కారు.

"ఇంగొంచెం ఏసుకో."

సార్ ఏడుస్తూనే కంచం ముందుకు చాపారు.