రెండు చీటీల లెక్క

మా సార్ పోయారని, మేముండే బాతెల్ ఊళ్ళో, మా తెలుగు చర్చి పార్కింగ్ లాట్‌లో తెలిసింది. కారు లాక్ చేస్తుంటే పాస్టర్ గారు వచ్చి, తెల్లవారుజామున గుండె ఆగిపోయిందన్నారు. నాకు ముందు కోపమొచ్చింది. శుక్రవారం నా రిపోర్ట్‌లో ‘సుమారు’ అన్న మాట చుట్టూ ఎర్రగీత గీసి పంపిన మనిషి, ఆదివారానికి లేకుండా ఎలా పోతారు?

మీలో చాలామందికి ఆయన చర్చికొచ్చిన జనాన్ని లెక్కపెట్టే అంకుల్. ఎడమ వైపు నుంచి ఆయన, కుడి వైపు నుంచి నేను, ఇద్దరం మొత్తం జనాన్నీ లెక్కపెట్టి ఎవరి చీటీలో వాళ్ళం రాసుకునేవాళ్ళం. లెక్క అయ్యేదాకా మాట్లాడుకోకూడదు, ఆ తర్వాతే చీటీలు విప్పాలి. ఆరాధన తర్వాత భోజనాల లెక్కకి ఇంత తతంగమా అని పిల్లలు నవ్వేవాళ్ళు. కానీ అది ఆయన ఉద్యోగం నేర్పిన పద్ధతి. మేమిద్దరం ఆర్కిటిక్‌లో తిమింగలాల్ని లెక్కపెట్టేవాళ్ళం.

ఒకప్పుడు ఓడలవాళ్ళ వేటకి తుడిచిపెట్టుకుపోబోయిన తిమింగలాలు మెల్లగా కోలుకుంటున్నాయి. అలాస్కా తీరపు ఊళ్ళవాళ్ళు తిండికోసం ఏటా ఎన్నింటిని వేటాడొచ్చో ఇలాంటి లెక్కల్ని బట్టే తేలుస్తారు. తక్కువ రాస్తే ఊరికి తిండి తగ్గుతుంది, ఎక్కువ రాస్తే తిమింగలాలకి ముప్పు. అందుకే సముద్రపు మంచు అంచున రెండు మంచుగుట్టల మీద ఇద్దరు కూర్చుని, ఒకరికొకరు చెప్పుకోకుండా చూసి రాయాలి. రెండు లెక్కలూ పోల్చితే, ఇద్దరి కళ్ళూ తప్పినవెన్నో అంచనా దొరుకుతుంది. రేడియో ఉన్నది ఎలుగుబంటి వస్తే చెప్పుకోవడానికే.

అది నా మొదటి వసంతం. తొమ్మిది రోజులు పొగమంచు వదల్లేదు. పదో రోజు తెరిపిచ్చింది. మొదటి గుట్ట మీద నేను, రెండో దాని మీద సార్. మధ్యాహ్నం ఒక తల్లీ పిల్లా నా ముందే పైకి తేలి ఊపిరి వదిలాయి. నా నోరు ఆగితేగా! రేడియో నొక్కి, “సార్, తల్లీ పిల్లా మీ వైపే వస్తున్నాయి,” అనేశాను. తెలుగులో. మరుక్షణం బటన్ వదిలేశాను, కానీ మాట అప్పటికే వెళ్ళిపోయింది.

షిఫ్ట్ అయ్యాక ఆయన నడిచొచ్చారు. రేడియోలో విన్నవాళ్ళెవరికీ తెలుగు రాదు, వదిలెయ్యండి సార్ అని బతిమాలాను. గాలి అప్పటికే మారుతోంది. మళ్ళీ ఇలాంటి రోజు దొరక్కపోతే ఆ ఏడాది పనంతా గంగపాలేనని ఆయనకి నాకంటే బాగా తెలుసు.

“నువ్వు చెప్పాక చూసింది, నేను చూసినట్టు కాదమ్మా,” అన్నారు.

ఒకసారి చెప్పుకున్నవాళ్ళు ఇంకెన్నిసార్లు చెప్పుకున్నారోనన్న అనుమానం మిగలకూడదని, ఆ షిఫ్ట్ లెక్క మొత్తం అడ్డంగా కొట్టేశారు. డేరాలో అందరి ముందూ, ఆ ఊరి వేటగాళ్ళ పెద్ద ముందూ చెప్పారు కూడా, కొత్తమ్మాయికి సరిగా నేర్పకపోవడం తన తప్పేనని. ఊరి తిండి సంగతైనా, ఆ పెద్దాయన లేచి సార్ కప్పులో టీ పోశారు. ఐదు రోజులు మంచు విరిగే చప్పుడు వింటూ కూర్చున్నాం. ఆరో రోజు ఆకాశం విచ్చుకుంది, లెక్క దక్కింది. ఆ ఐదు రోజుల్లో సార్ నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

నిన్న చర్చిలో ఆయన పెట్టెని ముందు వరసలో ఉంచారు. అలవాటుకొద్దీ నేను కుడి వైపు నిలబడ్డాను. ఎడమ వైపుకి ఆయన భార్య, మా ఆంటీ, వచ్చి నిలబడ్డారు. ఇద్దరం మాట్లాడుకోలేదు. చీటీలు విప్పితే ఆవిడ లెక్కలో ఒకరు ఎక్కువ.

“మీ సార్‌ని కూడా కలిపానమ్మా,” అన్నారు.

నా చీటీ దిద్దబోయి ఆగాను. చెప్పాక చూసింది చూసినట్టు కాదు. ఒక్కటి తేడాతో రెండు చీటీలూ మడిచి ఆయన కోటు జేబులో పెట్టాం.