లారీల నిండా బూట్లు

“బయట తెలంగాణ లొల్లి నడుస్తున్నది, రేపు మ్యాచ్‌కు పోకు బిడ్డా!” అన్నది అమ్మ.

“పోకుంటే భయపడ్డరంటరు! పోయినేడు ఓడి ఆళ్ల బూట్లకు పాలిష్ కొట్టినం. ఈసారి ఆళ్లతోని కొట్టియ్యాలె,” అన్నాడు మిలిటరీ కాలేజీలో చదివే మా అన్న.

ఇవాళ మనవడు బూట్లకు పాలిష్ దండిగా పూస్తుంటే, ఆ వాసనకు తార్నాకలోని మా ఇంట్లో ఆ సాయంత్రం గుర్తొచ్చింది. పక్కనే ఉన్న యూనివర్సిటీ మైదానంలో రెండు మిలిటరీ కాలేజీలకు ఏటా ఫుట్‌బాల్ పోటీ. అది అరవై తొమ్మిదో సంవత్సరం, నాకప్పుడు పలకా బలపం వయసు. లారీల కొద్దీ జవాన్లు క్యాంపస్‌లోకి పోతుంటే, అంతా అవతలి జట్టే అనుకున్నాను. ఓడితే అన్న అన్ని బూట్లు ఎట్లా తుడుస్తాడోనని లారీలు లెక్కపెడుతూ కూర్చున్నాను. వాళ్లు వచ్చింది తెలంగాణ కోసం లొల్లి చేస్తున్న విద్యార్థుల మీదికని అమ్మకు తెలుసు, నాకెవరూ చెప్పలేదు.

తెల్లారి మైదానంలో జవాన్ల గుడారాలు లేచాయి, మ్యాచ్ జరగలేదు. తిరిగి పోవడానికి బస్సులు లేక అవతలి జట్టు కెప్టెన్ అన్న వెంట మా ఇంటికి వచ్చి, అన్న పళ్లెంలోనే ఉప్మా తిన్నాడు.