ఇద్దరికీ ఒకే బడి అనుకున్నాం

మా కవల పిల్లలు చదివిన బడిలో ఏడో తరగతి వరకే ఉంది. ఎనిమిదికి ఏ హైస్కూల్లో వేయాలన్నది విజయవాడలో చిన్న ప్రశ్న కాదు. ఎండలు ముదరకముందే లిఫ్టులో ఎవరు కలిసినా అదే అడిగేవారు: "పిల్లల్ని ఫౌండేషన్‌లో వేస్తున్నారా అండీ?" ఐఐటీ పరీక్షకి ఎనిమిదో తరగతి నుంచే తయారు చేసే చదువుకి మా దగ్గర ఆ పేరు. మామూలు పాఠాలు కాక లెక్కలూ, సైన్సూ అదనంగా చెబుతారు.

నేను తెలుగు టీచర్ని. అలాంటి చదువులతో విసిగిపోయి మా బడికి వచ్చి చేరిన పిల్లల్ని చూశాను. నవ్వడానికి కూడా పర్మిషన్ అడిగేట్టు ఉండేవాళ్ళు. అందుకని నేనూ మావారూ ఒక నిర్ణయానికి వచ్చేశాం. ఇద్దర్నీ మా చర్చి పక్కనున్న ఎయిడెడ్ హైస్కూల్లో వేద్దాం. పెద్ద గ్రౌండ్ ఉంది, మంచి టీచర్లున్నారు, ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళొస్తారు. పదో తరగతి దాకా ఇక ఆలోచించే పని లేదు.

అన్నం తింటూ ఈ సంగతి పిల్లలకి చెప్పాం. చిన్నది ఎగిరి గంతేసింది. దానికి గ్రౌండ్ ఉంటే చాలు, బడి లేకపోయినా ఫర్వాలేదు. పెద్దది మాత్రం పప్పన్నం కలుపుతూనే ఉంది, ముద్ద నోట్లో పెట్టడం లేదు.

"ఏమ్మా, నచ్చలేదా?" అన్నారు మావారు.

"నేను ఫౌండేషన్‌కి వెళ్తాను నాన్నా."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. పక్కింటివాళ్ళు అక్కడికి వెళ్ళమని పిల్లల్ని బతిమాలుతుంటే, మా ఇంట్లో పిల్ల పంపమని అడుగుతోంది!

"అక్కడ ఎంత కష్టమో తెలుసా నీకు?" అన్నాను.

"తెలుసు. కానీ అమ్మా, మా క్లాసులో ఏదైనా కష్టమైన లెక్క వస్తే, 'అది పరీక్షకి రాదు, వదిలేయండి' అంటారు. నాకు వదిలేయడం ఇష్టం లేదు. వదలకుండా చెప్పేచోట చదువుకుంటా."

నేను గొంతు పెంచాను. అదీ పెంచింది. చిన్నది ఇద్దరి మొహాలూ చూస్తూ అక్క పళ్ళెంలోని అప్పడం మెల్లగా లాగేసుకుంది. చివరికి మావారే, "చూడకుండా పోట్లాడుకోవడం ఎందుకు? ఒకసారి వెళ్ళి చూసొద్దాం" అన్నారు.

ఆ శనివారం నలుగురం వెళ్ళాం. నాలుగంతస్తుల భవనం. ప్రిన్సిపాల్ గారు మర్యాదస్తుడు. కూర్చోబెట్టి కాఫీలు తెప్పించారు. నేను అడగాల్సినవన్నీ ముందే అనుకుని వెళ్ళాను.

"ఆటల పీరియడ్ ఉందా అండీ?"

"ఎందుకు లేదు మేడమ్, రోజూ ఉంది."

"గ్రౌండ్ ఎక్కడండీ?"

ఆయన వేలు పైకి చూపించారు. డాబా మీదట.

"అక్కడ బంతి గట్టిగా కొడితే ఇంక కృష్ణా నదిలో వెతుక్కోవాలి" అంది చిన్నది. మావారు దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నారు. ప్రిన్సిపాల్ గారే ముందు నవ్వేశారు.

తర్వాత మమ్మల్ని ఒక లెక్కల క్లాసులో వెనక బెంచీ మీద కూర్చోబెట్టారు. పాఠం చెబుతున్న మాస్టారు కుర్రాయనే. బోర్డు మీద ఒక త్రిభుజం గీసి, ఒక కోణం ఎంతో కనుక్కోమన్నారు. కాసేపటికి మా పెద్దది చెయ్యెత్తింది. అతిథిగా వచ్చిన పిల్ల చెయ్యెత్తడమేమిటని నేను కంగారుపడ్డాను.

జవాబు చెప్పింది.

"తప్పు" అన్నారు మాస్టారు. "కానీ దారి బాగుంది. ఎక్కడ తప్పిపోయావో చూద్దాం, ఇలా రా."

అది బోర్డు దగ్గరికి వెళ్ళింది. గీసింది, చెరిపింది, మళ్ళీ గీసింది. చెయ్యంతా సుద్దపొడి. జడ ఊడిపోతున్నా పట్టించుకోలేదు. మాస్టారు ఒక్కటీ చెప్పలేదు, "ఇక్కడ ఇంకేం తెలుసు నీకు?" అని మాత్రం అడుగుతూ నిలబడ్డారు. ఉన్నట్టుండి అది "అయ్యో, ఇవి రెండూ సమానం కదా!" అని గట్టిగా అరిచింది. క్లాసంతా చప్పట్లు. వెనక్కి తిరిగి నా వైపు చూసింది. పండగ రోజు కొత్త గౌను వేసుకున్నప్పుడు కూడా దాని మొహం అంత వెలగడం నేను చూడలేదు. నా పక్కన చిన్నది హాయిగా నిద్రపోతోంది.

బయటికొచ్చాక ఆటో ఎక్కేలోపే మావారితో అన్నాను, "హాస్టల్లో మాత్రం వద్దండీ. ఇంటినుంచే వెళ్ళిరావాలి. రాత్రి టైముకి పడుకోవాలి. తెలుగు నా దగ్గర చదవాలి."

"ఒప్పుకున్నాను" అంది పెద్దది, నేను చెబుతున్నది దానితో కాకపోయినా.

చల్లపల్లిలో ఉండే మా అత్తగారికి ఫోన్లో చెప్పడానికి భయపడ్డాను. కవలల్ని విడదీస్తారా అని కోప్పడతారనుకున్నాను. ఆవిడ అంతా విని, "ఒకే కడుపున పుడితే మాత్రం ఒకే బస్సు ఎక్కాలా ఏంటి? ఎవరి కాళ్ళు వాళ్ళకున్నాయి" అన్నారు. ఆ తర్వాత, బడి తెరిచేలోపు ఇద్దర్నీ తన దగ్గరికి పంపమని గట్టిగా చెప్పారు.

జూన్‌లో ఇద్దరూ వేర్వేరు యూనిఫారాల్లో బయల్దేరారు. నేననుకున్నట్టు ఇబ్బంది పెద్దదానికి రాలేదు, చిన్నదానికి వచ్చింది. పుట్టినప్పటినుంచీ పక్కన అక్క లేకుండా అది బెంచీ మీద కూర్చున్నది లేదు. మొదటి వారమంతా మొహం వేలాడేసుకుని వచ్చింది. తర్వాత ఖోఖో జట్టులో చేర్చుకున్నారు, ఇక దాన్ని ఇంటికి రప్పించడమే కష్టమైపోయింది.

పెద్దదానికి మొదటి పరీక్షలో మార్కులు బాగా తక్కువొచ్చాయి. పాత బడిలో ఎప్పుడూ ముందుండే పిల్ల, ఇక్కడ ఆఖర్నుంచి వెతికితే త్వరగా దొరుకుతుంది. మంచం మీద బోర్లా పడుకుని ఏడ్చింది. నేను తల నిమురుతూ, "పోనీలే అమ్మా, మానేద్దువుగాని. చెల్లి బడిలోనే చేరుదువుగాని" అన్నాను. చెప్పొద్దూ, లోపల కాస్త సంతోషంగానే ఉంది.

అది తల పైకెత్తి, ముక్కు తుడుచుకుని, "ఏడ్చినంత మాత్రాన మానేస్తానన్నానా?" అంది. అని మళ్ళీ తల దిండులో పెట్టి మిగతా ఏడుపు పూర్తి చేసింది. నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఇప్పుడు ఇద్దరూ తొమ్మిదిలో ఉన్నారు. పెద్దది క్లాసులో మధ్యలో ఎక్కడో ఉంది, అది చాలనుకుంటోంది, మేమూ అనుకుంటున్నాం. సాయంత్రాలు చెల్లికి బీజగణితం చెబుతుంది. చెల్లి దానిచేత పద్యాలు అప్పజెప్పించుకుంటుంది. మధ్యలో కొట్టుకుంటారు. అది టైంటేబుల్లో లేని పీరియడ్, రోజూ తప్పకుండా జరుగుతుంది.

మొన్న చల్లపల్లి వెళ్ళొచ్చాక చిన్నది, "పది అయ్యాక నేను ఇంటర్ చదవను. అగ్రికల్చర్ పాలిటెక్నిక్‌లో చేరతా. మామ్మ వాళ్ళ పొలం పక్కన డ్రోన్‌తో మందు కొడుతున్నారు, నేనూ నేర్చుకుంటా" అని ప్రకటించింది.

మావారు పేపరు దించి నా వైపు చూశారు. పొలం పనుల నుంచి బయటపడి ఉద్యోగం సంపాదించుకున్న మనిషి ఆయన. ఏమంటారోనని నేనూ చూశాను.

"ఆ కాలేజీ ఎక్కడుందో కనుక్కో" అన్నారు చివరికి. "ఈ శనివారం వెళ్ళి చూసొద్దాం. అన్నం మాత్రం తిని బయల్దేరదాం."