అరగంట గది

నేను చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా. అయితేనేం, ఇరవయ్యో ఎక్కం ఇప్పటికీ తడుముకోకుండా అప్పజెబుతాను. ముప్పై రెండేళ్లు బస్సు కండక్టరుగా చేసి, ఒక్క మెమో అందుకోకుండా రిటైరయ్యాను. నా బస్సు ఆలస్యంగా చేరిందన్న మాట డిపోలో ఎవరి నోటా రాలేదు. గొప్పలు చెప్పుకుంటున్నాడు అంటారా, అనండి. గొప్పే మరి. కానీ ఆ గొప్పే ఒకసారి మా చెల్లెలి ప్రాణం మీదికి తెచ్చింది. అదీ రాయాలి కదా.

మహమ్మారి రోజుల్లో మా పేట బడిని టీకా కేంద్రం చేశారు. ఒక గదిలో సూది వేసి, పక్క గదిలో అరగంట కూర్చోబెట్టాలి. ఒంట్లో తేడా చేస్తే చూడటానికి అక్కడే నర్సు ఉంటుంది. ఆ గది చూసుకునే పనికి నేనే ముందుకొచ్చాను. అంతలో కొత్త ఆర్డరు దిగింది: ఏ గదిలోనూ పదిమందికి మించి ఉండకూడదు. బయట చూస్తే వరుస గేటు దాటిపోయింది. నాకు తెలిసిన విద్య ఒకటే, బండి ఖాళీ చేయించడం. పది నిమిషాలు కాగానే "రైట్, రైట్! దిగేవాళ్లు దిగండి, ఎక్కేవాళ్లకు చోటివ్వండి" అనేవాణ్ణి. జనం నవ్వుకుంటూ లేచిపోయేవాళ్లు. సాయంత్రానికి వరుస మొత్తం తెగింది. కేంద్రం చూసుకునే ఆఫీసరమ్మ అందరి ముందూ మెచ్చుకున్నారు.

ఆ రోజు నేను లేపేసినవాళ్లలో మా చెల్లెలు కూడా ఉంది. హాస్టల్లో వంటమనిషి. భర్త పోయాక ఆ గరిటె పట్టుకునే ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తోంది. ఇంటికి నడుస్తుంటే సగం దారిలో ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, పెదవులు వాచాయి. మందుల షాపు మెట్ల మీద కూలబడి, టీకా చీటీ మీదున్న నంబరుకు పద్నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఒక్కరూ ఎత్తలేదు. షాపాయన తన బండి మీద ఆసుపత్రికి చేర్చబట్టి గండం గడిచింది.

కొన్నాళ్లకు హాస్టలు నుంచి కబురొచ్చింది. వచ్చే నెల తెరుస్తున్నారు, రెండో డోసు కాగితం ఉంటేనే వంటగదిలోకి రానివ్వాలని ప్రభుత్వ నిబంధన.

"సూదికి నేను రాను అన్నయ్యా. ఉద్యోగం పోతే పోనీ."

"పిల్లలకేం పెడతావే?"

"ముందు నేనుంటే కదా పెట్టడానికి! రైట్ రైట్ అని తోలేసింది నువ్వేగా. దిగినోళ్లు ఏమైపోతే కండక్టరుకెందుకు?"

ముప్పై రెండేళ్లలో ఏ ప్రయాణికుడూ నన్ను అనని మాట అది.

మర్నాడు ఆఫీసరమ్మ బల్ల ముందు నిలబడ్డాను. "అమ్మా, తప్పు నాది. అరగంట అన్నదాన్ని పది నిమిషాలు చేశాను. మా చెల్లెలు దారిలో కూలబడి చీటీ మీది నంబరుకు చేస్తే ఒక్కరూ ఎత్తలేదు."

"ఆర్డరు చూశారుగా పెద్దాయనా. గదికి పదిమందే."

"గదికన్నారు. వరండాకు గోడలెక్కడున్నాయమ్మా?"

ఆవిడ నవ్వాపుకున్నారు. "నర్సు ఒక్కతే. రెండుచోట్లా ఎలా చూస్తుంది?"

"బల్ల కిటికీ పక్కకు జరిపితే రెండూ కనబడతాయి. నేను కూర్చుని చూసే వచ్చాను."

"మరి ఆ ఫోను నంబరు పైవాళ్లది. నా చేతిలో లేదు."

"వాళ్లు ఎత్తేదాకా మనం ఆగడమెందుకు? సూది పడిన మర్నాడు పొద్దున మనమే జనానికి ఫోన్ చేద్దాం."

ఆవిడ అనుమతి కాగితం రాసి సంతకం పెట్టారు. "మాట పడితే నేనే పడతాను. కానివ్వండి."

వరండాలో దూరం దూరంగా నలభై కుర్చీలు వేశాం. ఎవరు ఎప్పుడు కూర్చున్నారో కుర్చీ వీపు మీద సుద్దముక్కతో రాసేవాణ్ణి. ఒక కరెంటు మేస్త్రీ గోల పెట్టాడు: "తాతా, బోలెడు పనుంది, వదిలెయ్."

"టికెట్ లేనోణ్ణి దించడమే ఇన్నాళ్లూ చేశాను నాయనా. దిగుతానన్నోణ్ణి ఆపడం ఇప్పుడే నేర్చుకున్నా. ఇంకా పన్నెండు నిమిషాలు, కూర్చో."

పొద్దున్నే ఫోన్లు మాత్రం మా చెల్లెలి గుమ్మంలో కూర్చుని చేసేవాణ్ణి. కావాలనే. నాలుగు వారాల్లో పదకొండు వందల ఫోన్లు. అందులో తొమ్మిదిమందిని వెనక్కి పిలిపించి డాక్టరుకు చూపించాం. ఒకరోజు ఎవరో ఆవిడ దద్దుర్లని ఏడుస్తుంటే, చెల్లెలు నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "అమ్మా, ఊపిరి బాగానే ఆడుతోందా? ఆడుతోందిగా. అయినా ఇంట్లో కూర్చోకు, ఇప్పుడే కేంద్రానికి బయల్దేరు. నాకూ వచ్చింది, బతికే ఉన్నాగా!"

ఫోను నాకిచ్చి, "నన్నెప్పుడు తీసుకెళ్తావ్?" అంది.

ముందు పెద్దాసుపత్రిలో చూపించాం. పరీక్షలన్నీ చేసి, మందులు దగ్గర పెట్టుకుని గంటన్నర కనిపెట్టి ఉంటే వేయొచ్చని అక్కడి డాక్టరు రాసిచ్చాడు. ఆదివారం మా కేంద్రంలోనే, ఒక డాక్టర్ని దగ్గరుంచుకుని సూది వేశారు. నలభయ్యో నిమిషంలో మెడ మీద ఎర్రగా లేచింది. నేను నోరు తెరిచేలోపే నర్సు కిటికీ దగ్గర్నుంచి వచ్చేసింది, వెనకే డాక్టరు. మందు పడింది. సాయంత్రం దాకా కదలనివ్వలేదు. చెల్లెలు నా చేయి వదల్లేదు, నేనూ వదల్లేదు. ఎరుపు తగ్గాక, "ఆకలేస్తోంది" అంది. ఆ మాట విని ఆఫీసరమ్మ కుర్చీలో వెనక్కి వాలారు.

సోమవారం పొద్దున నా ఫోన్ల పట్టికలో మొదటి నంబరు ఆమెదే. చేశాను.

"బాగానే ఉన్నా అన్నయ్యా, దద్దుర్ల జాడే లేదు. వార్డెనమ్మ కాగితం చూసి లోపలికి పంపింది. నూట యాభైమందికి ఎసరు పెట్టాను, పొంగిపోతోంది, పెట్టెయ్!"

పట్టికలో ఆమె పేరు పక్కన "క్షేమం, పనిలో ఉంది" అని రాసి, రెండో నంబరు నొక్కాను.