సన్నగీతమ్మ గారి పట్టీ

మా విశ్వవిద్యాలయంలో, మెట్ల కింద గదిలో, ఒకావిడ ఏళ్ల తరబడి ఇంకా జరగని విషయాలను లెక్కగట్టేది. జోస్యులకూ ఆవిడకూ తేడా ఒక్కటే. జోస్యం తప్పితే నేరం గ్రహాలది. లెక్క తప్పితే ఆవిడది.

రెండు ప్రోటాన్లను మహావేగంతో ఢీకొట్టిస్తే, ఆ విధ్వంసంలోంచి అప్పుడప్పుడూ క్వార్కు అనే బరువైన కణం ఒకటి, దాని వ్యతిరేక క్వార్కు జంటగా పుడతాయి. ఇన్నిసార్లు ఢీకొంటే ఎన్ని జంటలు పుడతాయో ముందే చెప్పడం ఆవిడ వృత్తి. ఆ లెక్కకు అంతుండదు గనుక, ఈ విద్యలోని పెద్దలు ఒక అంకె చెప్పి, అటూ ఇటూ కొంత జాగా వదిలి, గ్రాఫు మీద పట్టీ గీస్తారు. ప్రయోగంవాళ్లు కొలిచి పెట్టే చుక్క అందులో ఎక్కడ పడినా గెలుపే. కొందరి పట్టీలో లారీ వెనక్కి తిప్పుకోవచ్చు.

ఈవిడ, అందరూ బద్ధకించి వదిలేసిన చిల్లర గణిత పదాలన్నీ కలిపి, లెక్కను ఇంకో మెట్టు ఎక్కించింది. పట్టీ నూలుపోగంత అయింది. అప్పటినుంచి ఆవిడ సన్నగీతమ్మ.

ప్రయోగ ఫలితం వచ్చింది. చుక్క పట్టీకి పైన, దర్జాగా, బయట పడింది.

శాఖాధిపతిని అందరూ పెద్దాయన అంటారు. తలుపు తట్టకుండానే వచ్చాడు.

"ఏమ్మా, పట్టీ కాస్త వెడల్పు చేస్తే కొంప మునుగుతుందా?"

"చుక్క పడ్డాక వెడల్పు చేస్తే దాన్ని లెక్క అనరు సార్, మొహమాటం అంటారు."

"సమావేశంలో నవ్వులపాలైతే నీ బృందాన్ని నేను నిలబెట్టలేను. తర్వాత నీ ఇష్టం."

ఇంట్లో మొగుడు దర్జీ. ఆయనదీ అదే పాట.

"కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ వదలందే నేను చొక్కా కుట్టను. మనిషన్నాక లావెక్కుతాడు."

"క్వార్కు లావెక్కదండీ."

"పెళ్లి కాలేదేమో!"

"పుట్టడమే జంటగా పుడుతుంది."

"అయినా లావెక్కలేదా? ఏం తింటోందో కాస్త కనుక్కో, నాకూ పనికొస్తుంది."

ఆవిడ లెక్కంతా మరో దారిలో మళ్లీ చేసింది. అదే అంకె. అప్పుడు ప్రయోగశాలకు కబురు పెట్టింది: మొత్తం ఎన్ని ప్రోటాన్లు ఢీకొన్నాయో మీరు తక్కువ లెక్కించినట్టున్నారు, అందుకే చుక్క పైకెక్కింది, దయచేసి చూసుకోండి. ఎదుటివాడి తప్పు పట్టడంలో ఇంత వినయం చరిత్రలో అరుదు. వాళ్లు నొచ్చుకున్నారు. కానీ చూసుకున్నారు.

సమావేశం నాడు హాలు కిక్కిరిసింది. ఆవిడ పట్టీ తెర మీదే ఉంది గానీ వెనక వరసలకు ఆనలేదు. ప్రయోగబృందం నాయకురాలు గొంతు సవరించుకుంది.

"ఢీకొన్నవాటి లెక్కలో పొరపాటు మాదే. సరిదిద్దాం."

మీట నొక్కింది. చుక్క కిందికి జారి పట్టీలో కూర్చుంది. నట్టనడుమ కాదు, కాస్త పై అంచుకి. అయినా లోపలే!

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. సన్నగీతమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. తడి అద్దాలదో కళ్లదో చరిత్రకారులు తేల్చాలి.

పెద్దాయన అందరికన్నా ముందు వేదికెక్కి మైకు అందుకున్నాడు.

"ఇది మన పట్టీ!"

"మనదే సార్," అంది సన్నగీతమ్మ. "కాస్త ఇరుకు. సర్దుకోండి."